పక్క కంప్యూటర్

"ప్రెగ్గీ కూడా రాస్తాడా?" అన్నాడు కోటేశ్వరరావు. అనకుండా ఉండలేకపోయాడు.

రాస్తాడనే చెప్పింది షర్లీ. దక్షిణాఫ్రికాలో టోంగాట్ దగ్గర ఆ చక్కెర మిల్లులో కంప్యూటర్ సెక్షన్‌కి ఆవిడే పెద్ద. కోటేశ్వరరావు, ప్రెగ్గీల దగ్గరున్న పాత విండోస్ ఎన్.టి. సర్టిఫికెట్లు ఈ 2001 డిసెంబరు దాటితే చెల్లవట. కొత్త వెర్షన్‌కి మారాలంటే ఒక్కటే పరీక్ష, ఒక్కటే ఛాన్సు. పాసైన వాళ్ళే కొత్త సర్వర్లకి ఇన్‌చార్జి. ఇద్దరూ పాసైతే సీనియర్ కాబట్టి ఆ కుర్చీ కోటేశ్వరరావుదే. ప్రాక్టీసు కోసం వెనక గదిలో గోడవారగా చెరో కంప్యూటరూ పెట్టించింది.

అంటే అతను చెయ్యాల్సిందల్లా చదువుకుని పాసవడమే. కానీ చదువు మీదికి మనసు పోతేగా. గుంటూరు నుంచి ఇంత దూరం వచ్చింది, ఈ మిల్లు ఫిట్టరు అంకయ్య కొడుకు ప్రెగ్గీతో సమానంగా పరీక్ష రాయడానికా? ముత్తాతల నాడు చెరుకు తోటల్లోకి కూలీలుగా వచ్చిన కుటుంబం వాళ్ళది. ప్రెగ్గీ సాయంత్రం క్లాసులకి పోయి కంప్యూటర్లు నేర్చుకున్నాడు. అయినా మిల్లులో ఏ కంప్యూటర్ మొరాయించినా అందరూ కేకేసేది ప్రెగ్గీనే. చెరుకు లారీలు తూచే చోట జులూ గుమాస్తాలు కూడా ప్రెగ్గీ, ప్రెగ్గీ అంటారు. ఆ కేక వినపడ్డప్పుడల్లా కోటేశ్వరరావుకి ఒళ్ళు కుతకుత ఉడికిపోయేది.

మొదటి సాయంత్రం ప్రెగ్గీ బస్సుకి వెళ్ళగానే, వెనక గదిలోకి పోయి అతని కంప్యూటర్లో నెట్‌వర్క్ అడ్రసు మార్చేశాడు. చిన్న పనే. కానీ చేశాక ఎన్నాళ్ళకో కడుపులో చల్లగా అనిపించింది.

మర్నాడు ప్రెగ్గీ పుస్తకాలు తిరగేసి, తల గోక్కుని, తిండి కూడా మానేసి మధ్యాహ్నానికి దాన్ని సరిచేసుకున్నాడు. పైగా నవ్వుతూ వచ్చాడు.

"ఈ రోజు చాలా హార్డ్, అన్నా," అన్నాడు. ఇంట్లో విన్న నాలుగు తెలుగు ముక్కలూ అతను కోటేశ్వరరావు మీదే ఖర్చుపెట్టేవాడు.

ఆ నవ్వు చూసి మళ్ళీ మండింది. ఆ సాయంత్రం పాస్‌వర్డులు తారుమారు చేశాడు. ఆ తర్వాత ఫైళ్ళకి తాళాలు, ఆ తర్వాత అసలు సర్వరే లేవకుండా ఇంకేదో. ఒక్కోటి సరైపోతున్న కొద్దీ అంతకంటే చిక్కుది కావాల్సి వచ్చేది. ఇంట్లో లావుపాటి గైడు ముందేసుకుని, ఎక్కడ చెడగొడితే దొరకదో అని పేజీ పేజీ వెతికేవాడు. అతని భార్య హైమావతి ఒకటి రెండు రోజులు చూసి ఊరుకోలేకపోయింది.

"ఆ అబ్బాయి పేరే జపిస్తున్నారు. మీ పరీక్ష సంగతి కూడా కాస్త చూసుకోండి," అంది.

చూసుకోవచ్చులే అన్నాడు. ఇన్నేళ్ళ సర్వీసున్నవాడికి తొందరేముంది? షర్లీ అడిగితే మాత్రం, రోజూ ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటున్నానన్నాడు.

ముందు తేదీ ప్రెగ్గీదే. పాసయ్యాడు.

మామూలుగా కాదు, మంచి మార్కులతో. కోటేశ్వరరావు పరీక్ష రేపనగా, ప్రెగ్గీ వాళ్ళమ్మ చేసిన గారెల డబ్బా పట్టుకుని షర్లీని వెంటబెట్టుకుని వెనక గదిలోకి వచ్చాడు. వచ్చీ రాగానే వంగి కోటేశ్వరరావు కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"ఎగ్జామ్‌లో అడిగింది అంతా మీరు పెట్టిందే, అన్నా."

కోటేశ్వరరావు కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. తెలిసిపోయిందన్నమాట. అదీ షర్లీ ముందు.

షర్లీకి అర్థం కాలేదు. ప్రెగ్గీ ఆవిడకి ఇంగ్లీషులో వివరంగా చెప్పాడు. ఫిట్టర్ల వర్క్‌షాపులో పని నోటితో నేర్పరట. సాయంత్రం షిఫ్టు అయ్యాక పెద్ద ఫిట్టరు మిషన్లో ఒక దోషం పెట్టి వెళ్ళిపోతాడు. పొద్దున శిష్యుడు దాన్ని పట్టుకోవాలి. పెట్టానని ఆయన చెప్పడు, పెట్టారా అని శిష్యుడు అడగడు. దోషం పెట్టాడంటే శిష్యుడిగా ఒప్పుకున్నాడనే లెక్క. తెల్లవాళ్ళ పాత ప్రభుత్వం రోజుల్లో అంకయ్య అలా తయారుచేసిన తెల్ల కుర్రాళ్ళంతా ఫోర్‌మన్లయ్యారు. ఆయన ఫిట్టరుగానే ఉండిపోయాడు.

"నాకు ఎవరూ పెట్టలేదు, అన్నా. మీరు ఒక్కరే పెట్టినారు. డైలీ పెట్టినారు," అన్నాడు ప్రెగ్గీ. అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

కోటేశ్వరరావు డబ్బాలోంచి ఒక గారె తీసుకున్నాడు. నేర్పుదామనే చేశానన్నాడు. చెప్పాక సిగ్గేసింది. ఆ సిగ్గులో కూడా, వీడికొచ్చినన్ని మార్కులు రేపు తనకొస్తాయా అని ఒక మూల కుళ్ళు కదిలింది.

షర్లీ పొంగిపోయింది. ఇంత పెద్ద మనసున్నవాడు రేపు పాసైతే చాలనీ, కుర్చీ సిద్ధంగా ఉందనీ భుజం తట్టింది. ఒకపక్క ప్రెగ్గీకి నేర్పుతూ, మరోపక్క రోజూ సొంత ప్రాక్టీసు ఎలా చేసుకోగలిగారని మెచ్చుకుంది.

"ఇంకొకటి ఉంది, అన్నా," అన్నాడు ప్రెగ్గీ, కొంచెం సిగ్గుపడుతూ. "గురువుకి మనం కూడా ఒకటి పెట్టాలి. చిన్నదే పెట్టాలి, అది రెస్పెక్టు. ఆ మొదటి వారమే మీ మిషన్‌కి పెట్టినాను. వెనక కరెంటు వైరు పీకినాను, అంతే. ఎప్పుడు దొరికింది?"