తాళం ఇచ్చే ముందు

"బాబాయ్, ఈ రెండు లైన్లూ తారుమారుగా ఉన్నాయి," అంది మనోజ్ఞ, ల్యాప్‌టాప్ ఆయన వైపు తిప్పుతూ.

ఆగిరిపల్లి రైతుసంఘానికి ఆ ప్రోగ్రాం రాసిచ్చింది సుభాష్ బాబాయే. టీ కూడా పుచ్చుకోకుండా రాసిచ్చాడని ఊరంతా చెప్పుకుంటారు. మామిడి తోటలు కౌలుకు అడిగే వ్యాపారుల సీల్డ్ కొటేషన్లు అందులోకే వస్తాయి. సర్వాధికారాలతో మొదలయ్యే ఆ ప్రోగ్రాం ముందు అడ్మిన్ గ్రూపును, తర్వాత అడ్మిన్ యూజర్‌ను వదిలేసి, మామూలు యూజర్‌గా మారిపోవాలి.

"యూజర్‌ని ముందే వదిలేస్తే, ఇక కొటేషన్లు చదవగలిగే గ్రూపును వదిలే అధికారం ఉండదు కదా. పేరుకు మామూలు యూజరే గానీ, ప్రోగ్రాం కొటేషన్లన్నీ ఇంకా చదివేస్తోంది. కిటుకు తెలిసినవాడు ఇంట్లో కూర్చుని చూసేయొచ్చు."

"తొందర్లో పొరపాటు పడ్డానేమోనమ్మా."

ఆమెకు ఈ పాఠం చెప్పింది ఆయనే. ఇంటర్ చదివే రోజుల్లో, ఆయన కౌలుకు తీసుకున్న చాట్రాయి తోటలో నడుస్తూ చెప్పాడు: "తోట అప్పజెప్పేటప్పుడు ముందు మన మనుషుల్ని బయటికి పంపాలి. ఆ తర్వాతే తాళం ఇవ్వాలి. తాళం ఇచ్చేశాక మన మాట ఎవడూ వినడు."

అయినా పొరపాటనే నమ్మాలనిపించింది.

"పోనీలే, ఇప్పుడే మార్చేస్తా."

"ఇప్పుడొద్దు." ఆయన చెయ్యి కీబోర్డు మీద పడింది. "రేపు కొటేషన్లు తెరిచాక మార్చుకో. ఈ ఒక్క ఏడాదికి వదిలెయ్యమ్మా."

మనోజ్ఞ ఆయన ముఖంలోకి చూడలేకపోయింది. ఆ చేతిని మెల్లగా పక్కకు జరిపి, పై లైను కిందికీ కింది లైను పైకీ మార్చింది.

"ముందు మన మనుషుల్ని బయటికి పంపాలి, బాబాయ్."