వీధి మధ్యలో హద్దు

"చెప్పు బావా! మావాడికి ఓటేస్తావా, తల పగలగొట్టమంటావా?"

నడివీధిలో మామయ్యని వెల్లకిలా పడేసి, గుండెల మీద కూర్చుని, ఇటుక ఎత్తాడు బాబాయ్. మామయ్యంటే బాబాయ్‌కి సొంత అక్క మొగుడు. మామయ్య కదలకుండా నేను ఆయన కాళ్లు పట్టుకున్నాను. పోలింగ్ రోజున మా ఇంట్లో అందరికీ ఏదో ఒక డ్యూటీ ఉంటుంది.

మా నియోజకవర్గం చరిత్రంతా వీళ్లిద్దరి మొహాల మీదే ఉంది. మామయ్య ముందు పళ్లు రెండూ రాలిన ఏడాది బాబాయ్ వాళ్ల క్యాండిడేట్ గెలిచాడు. బాబాయ్ చెవి తెగిన ఏడాది ఆ క్యాండిడేట్ ఓడిపోయాడు. మధ్యలో వచ్చిన ఉప ఎన్నిక చిన్నది కాబట్టి ఒక్క దవడ పన్నుతో సరిపెట్టుకున్నారు.

మామయ్య రక్తం ఉమ్మి నవ్వాడు. "నీ మొహం! హద్దులు మార్చారు కదరా. వీధికి మీ వైపు ఒక నియోజకవర్గం, మా వైపు ఇంకోటి. వేద్దామన్నా మా మిషన్‌లో మీవాడుండడు."

ఇటుక గాల్లోనే ఆగింది. "మరి పొద్దున్నే నన్ను కర్రతో ఎందుకు కొట్టావ్?"

"అలవాటు కొద్దీ."

"మరి నేను రాలగొట్టిన పళ్లు?"

"అవి పాత నియోజకవర్గానివిలే. ఇక లే, ఊపిరాడట్లేదు."

నేను పకపకా నవ్వాను. బాబాయ్ నవ్వలేదు, లేవలేదు.

"ఇప్పుడు మన మధ్య ఓటు గొడవే లేదు," అన్నాడు మెల్లగా. "అయినా నాకు నిన్ను కొట్టాలనే ఉందేంటి బావా?"

మామయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది.

నేను కాళ్లు వదిలేసి, ఇటుకున్న బాబాయ్ చేతిని రెండు చేతులా పట్టుకున్నాను. అది ఇంకా కిందికే వస్తోంది.