కొండ దాటించే టైర్లు

"ఈ టైర్లతో మిమ్మల్ని కొండెక్కనివ్వరు," అంది హెర్దిస్, కారు ముందు చక్రం పక్కన మోకాలి మీద కూర్చుని. "ఎండాకాలానివి. పైన అప్పుడే మంచు కురుస్తోంది."

"అందుకేగా మీ దుకాణానికి వచ్చాను," అన్నాడు ఐవిన్. ఉన్ని కోటు విప్పి తలుపు పక్క కొక్కేనికి తగిలించాడు. "మంచు తోసే బండి వెనక ఇవాళ వెళ్లే కార్ల ఆఖరి వరుసలో కలవాలి. సోమవారం తీరంలో ఉద్యోగంలో చేరాలి."

పొయ్యి దగ్గర కాఫీ తాగుతున్న ముసలి గున్‌వాల్ తలెత్తాడు. "అంటే, ఊరూరా తిరిగి చర్చిల్లో ఆర్గన్లకు శ్రుతి చేయడం మానేసినట్టేనా?"

"మానేసినట్టే, పెద్దాయనా. ఇక ఒకే చర్చి, ఒకే ఆర్గన్."

"మరి కొండకు ఇవతలికి ఇంకేం పని నీకు!"

హెర్దిస్ చక్రం మీంచి తలెత్తలేదు. కొండదారి మూసేసినప్పుడల్లా ఐవిన్ దుకాణం మీది గదిలో ఆగిపోయేవాడు. కింద ఆమె సుత్తి మోగుతుంటే పైన అతని ఈల దానికి తాళం వేసేది. భోజనాల దగ్గర మాత్రం ఇద్దరూ వాతావరణం గురించి తప్ప మరేమీ మాట్లాడుకొని ఎరుగరు.

"మేకుల్లేనివి వేయండి," అన్నాడతడు. "కరెంటు కారు, చప్పుడుండదని కొన్నాను. మేకుల టైర్లయితే చెవిలో గులకరాళ్లు పోసినట్టుంటుంది. నా చెవులే నా కూడు కదా."

'సరే' అంటే చాలు. మేకుల్లేని టైర్లను చూసి, ఈ మంచు తగ్గేదాకా కొండదారికి అడ్డంగా వేసిన కంచె దగ్గర కాపలావాడు అతణ్ణి పైకి పంపడు. ఆ రెండక్షరాలు ఆమె నాలుక చివరికి వచ్చాయి.

"వద్దు," అంది. "దీని అడుగంతా బ్యాటరీ బరువే. ఎక్కడానికి బాగానే ఎక్కుతుంది, దిగేటప్పుడు ఆ బరువే ముందుకు తోసేస్తుంది. బరువు మోసే రకం మేకుల టైర్లు వేస్తాను, మేకులు మంచును పట్టుకుంటాయి."

"ఒస్లోలో అయితే మేకులకు రుసుం కట్టించుకుంటారు," అన్నాడు గున్‌వాల్. "ఇక్కడ నిన్నడిగేవాడెవడు, వేయించుకో."

"మేకులతో చార్జింగు త్వరగా అయిపోదూ?" అన్నాడు ఐవిన్.

"కొంత తగ్గుతుంది. చలి అంతకంటే ఎక్కువ తినేస్తుంది. తీగ తగిలించాను, నిండాకే వెళ్లండి."

"జారకుండా చుట్టే గొలుసులు ముందు చక్రాలకేగా?"

గున్‌వాల్ పకపకా నవ్వాడు. "శ్రుతి తప్పావయ్యా! నీ బండిని ముందు చక్రాలు లాగుతాయా, వెనకవి తోస్తాయా?"

"వెనకవే తోస్తాయి, గొలుసులూ వెనకవాటికే," అంది హెర్దిస్. "లోపల సందు తక్కువ, లావు గొలుసయితే ఒరుసుకుంటుంది. సన్నది ఇస్తాను. అది వేసుకోవడం చేతకాకపోతే ఈ బట్ట తొడుగులున్నాయి, చక్రాలకు మేజోళ్లలాగా ఎక్కించండి. మంచు లేని చోట తీసేయాలి, లేకపోతే చిరుగుతాయి."

"ఒక్క కొండకి ఇన్నెందుకండీ?"

"మీరు దారిలో ఆగిపోకూడదనేగా?"

"ఆగకూడదు," అన్నాడు ఐవిన్, పైకప్పు వైపు, పైగది వైపు చూస్తూ.

గున్‌వాల్ టోపీ పెట్టుకుని లేచాడు. "కంచె దగ్గర ఇవాళ మా అల్లుడున్నాడు. టైర్లొకటే కాదు, బ్యాటరీ, పార, వెచ్చటి బట్టలు, అన్నీ చూస్తాడు. మంచులో చిక్కుకుంటే మనిషి బిగుసుకుపోతాడని వాడి భయం. ఏ ఒక్కటి లేకపోయినా వెనక్కి తిప్పేస్తాడు, జాగ్రత్త!" అని హెచ్చరించి వెళ్లిపోయాడు.

ఆమె నాలుగు చక్రాలూ బిగించింది. బిగించినవాటినే మళ్లీ బిగించి చూసింది. ఐవిన్ తన కాఫీ కప్పు కడగడానికి లోపలికి వెళ్లి, ఎంతకూ రాలేదు. గొలుసులు, తొడుగులు, పార కారులో సర్దుతుండగా కోటు ఆమె కంటపడింది. మరిచిపోయేలా ఉన్నాడు. మరిచిపోతే గున్‌వాల్ అల్లుడు ఊరుకోడు.

ఆమె కోటు ముందు నిలబడింది. ఒక చేతిని దాని ఉన్ని మీద ఆనించి, అతడు లోపల నీళ్లు కట్టేసిన చప్పుడయ్యేదాకా అలాగే ఉంది. తర్వాత కొక్కెం నుంచి తీసి, దాని చేతులు లోపలికి మడిచి, వెనక సీటు మీద పెట్టి, కారు తలుపు మెల్లగా మూసింది.

ఐవిన్ వచ్చాడు. కొక్కెం వైపు చూడనైనా చూడకుండా తిన్నగా వెళ్లి కారులో కూర్చున్నాడు.

"మంచు ఎక్కువవుతుందంటారా?" అన్నాడు.

"మేకులున్నాయిగా," అంది.

కరెంటు కారు చప్పుడు లేకుండా మాయమయ్యేదే. మేకుల పుణ్యమా అని, మలుపు దాటాక కూడా అతడు వెళ్లిపోవడం ఆమెకు చాలాసేపు వినబడింది. అది కూడా ఆగిపోయాక, ఆమె తీగను చుట్టగా చుట్టింది. పాత టైర్లను గోడకు చేరవేసింది. పొయ్యిలో నిప్పు ఆరిపోతున్నా కట్టె వేయబుద్ధి కాలేదు.

వెలుతురు తగ్గుతుండగా మేకుల చప్పుడు మళ్లీ వినబడింది. ఈసారి దగ్గరవుతోంది.

కారు వాకిట్లో ఆగింది. ఐవిన్ చొక్కా మీదే వణుకుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"వెనక్కి తిప్పేశాడు," అన్నాడు.

"టైర్లు నచ్చలేదా?"

"మెచ్చుకున్నాడు."

"గొలుసులు?"

"వాటినీ మెచ్చుకున్నాడు. చార్జింగు కూడా నిండా ఉందన్నాడు."

"మరి?"

"కోటు లేనివాణ్ణి వరుసలో కలపనన్నాడు. నేనేమో మీ కొక్కేనికే వదిలేసి వెళ్లానాయె." అతడు మాట్లాడుతున్నది తన బూట్లతో. "మళ్లీ వరుస రేపేనట."

హెర్దిస్ అతని భుజం మీదుగా కారు వైపు చూసింది. వెనక అద్దంలోంచి కోటు ఏ కాపలావాడికైనా కనబడేలా ఉంది. ఆమె మడిచిన మడత మడిచినట్టే ఉంది.

"పాపం, అతను చెప్పిందీ సబబే," అంది హెర్దిస్, ఒకడుగు పక్కకు జరిగి ఖాళీ కొక్కేనికి అడ్డంగా నిలబడుతూ.