మూడో గొట్టం

కొండ మీది మా గదిలో, పైకప్పు కిందే వరసగా ఆరు గొట్టాలుంటాయి. అంతరిక్షం నుంచి రాలే కిరణాలను టిక్కు టిక్కుమంటూ లెక్కపెడతాయి. సూర్యుడి తుఫాను తాకితే ఆ టిక్కులు తగ్గుతాయి. విమానాల రేడియోలు మూగబోవచ్చు. ఆ రాత్రి మా అక్క మొదటిసారి విమానమెక్కింది.

మూడో గొట్టం చప్పుడు ఉన్నట్టుండి పలచబడింది. తుఫానేమో అనుకున్నాను. హెచ్చరిక పంపేముందు, కొండ కింద ఉండే పెద్దసారుకు ఫోన్ చేశాను.

“మిగతావి కూడా తగ్గాయా?”

“లేదు సార్, మూడోదొక్కటే.”

“మరింకేం! తుఫానైతే ఆరూ తగ్గాలి కదరా. దాని పైన కప్పు మీద మంచు పేరుకుని కిరణాలకు అడ్డుపడుతూ ఉంటుంది, పోయి ఊడ్చెయ్. ఇంకాసేపైతే విమానాలన్నీ దింపించేసేవాడివే!”

నవ్వుకుంటూ చీపురు పట్టుకుని పైకెక్కాను. కప్పు పొడిగా ఉంది. మంచు లేదు. ఏమీ లేదు.

కిందికొచ్చేసరికి మూడోది మామూలుగానే కొడుతోంది. నాలుగోది తగ్గింది. కాసేపటికి అది తేరుకుంది, ఐదోది తగ్గింది. పైన ఏదో బరువు మెల్లగా జరుగుతున్నట్టుంది. ఆరోది తలుపు పక్కనే ఉంటుంది.

తలుపు గడియ పెట్టాను. ఆరోది కూడా నెమ్మదించింది.

పైనున్నదేమిటో నాకు తెలియదు. సూర్యుడు మాత్రం కాదు. అక్క క్షేమంగా దిగుతుంది.

హమ్మయ్య.