పదకొండో సూది

"రోజుకో సూది పొట్టల దించుతున్నరు. రేపు పెండ్లయి నీళ్ళు పోసుకుంటే, ఈ మందు లోపలి బిడ్డకేమన్న చేస్తదా సిస్టరమ్మా?"

"ముందు పెండ్లి చెయ్యమ్మా, తర్వాత చూద్దాం. జర అవతలికి జరుగు, వెలుతురుకు అడ్డమొస్తున్నవు."

తెర అవతల, కుక్కకాటు సూదుల కోసం వరుసలో నిలబడ్డ వాళ్ళు నవ్వారు. యశోదమ్మకు నవ్వు రాలేదు. బల్ల మీద పడుకున్న కూతురు స్వర్ణ బొడ్డు చుట్టూ పది సూదుల గుర్తులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పదకొండోది ఎక్కడ గుచ్చాలా అని నర్సు వేలితో తడుముతోంది.

"ఇంతకూ కుక్క దొరికిందా? కండ్ల ముందల పది రోజులు మంచిగుంటే సూదులు ఆపొచ్చని మొదటిరోజే చెప్పిన గద."

"యాడ దొరుకుతదమ్మా! గేటు తీసుంటే ఉరికిపోయింది" అంది యశోదమ్మ. పదకొండు రోజులుగా చెబుతున్న అబద్ధమే. 

స్వర్ణ పళ్ళు బిగించింది. సూది దిగింది. పిల్ల 'అమ్మా' అని అరిచినా బాగుండేది. 

ఆ కుక్క పేరు మోతి. కాలు విరిగి రోడ్డు మీద పడి ఉంటే జంతువుల షెల్టర్ వాళ్ళు తీసుకుపోయి బతికించారు. స్వర్ణ అక్కడి నుంచి తెచ్చుకుంది. మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ రోజూ ఆమె వెంట చిక్కడపల్లి లైబ్రరీకి పోయేది. ఆమె లోపల పరీక్షలకు చదువుకున్నంతసేపూ గేటు దగ్గరే కూర్చునేది. ఎవరి చేతిలో ఎన్ని దెబ్బలు తిన్నదో ఏమో, చీపురు కనబడితే చాలు, వణికిపోయేది. ఆ సంగతి తెలిసి కూడా, వంటింట్లోకొచ్చిందని యశోదమ్మ చీపురు తిరగేసింది. స్వర్ణ చెయ్యి అడ్డం పెట్టింది. బెదిరిపోయిన మోతి పన్ను ఆ చేతిలోనే దిగింది.

తెల్లారి కూతురు లేవకముందే యశోదమ్మ తన పాత చీర అంచు చింపి తాడులా మోతి మెడకు కట్టింది. ఆటోలో కోఠికి తీసుకుపోయి, పుస్తకాల దుకాణాల దగ్గర వదిలేసి, వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ తర్వాతే నారాయణగూడలోని ఈ దవాఖానాకు వచ్చారు. నర్సు నోట పది రోజుల మాట విన్నాకగానీ తాను చేసిందేమిటో ఆమెకు తెలియలేదు. తెలిశాక తప్పు కప్పుకోవడానికి గొంతు పెంచింది. "అది దొరికినా సరే, నీకు పద్నాలుగు సూదులూ పడేదాక గడప తొక్కనియ్యను!" అని నడిరోడ్డు మీద కూతురితో అంది.

అన్నదే గానీ మనసు ఒప్పలేదు. కూరగాయలకని చెప్పి రెండుసార్లు కోఠికి పోయింది. "మోతీ, మోతీ" అని పిలుస్తూ తిరుగుతుంటే పుస్తకాలమ్మే మనిషి, మోతి అంటే ముత్యమనుకుని, "ముత్యాలు కావాల్నంటే చార్మినార్ పోవాలె అక్కా" అన్నాడు. ఏడుపొక్కటే తక్కువైంది.

ఇంట్లో స్వర్ణ మాటలు తగ్గించింది. లైబ్రరీకి పోతూ డబ్బాలో రెండు రొట్టెలు ఎక్కువ పెట్టించుకుంటోంది. ఆకలి పెరగడం కూడా కుక్క పిచ్చికి గుర్తేమోనని యశోదమ్మకు అదొక పరేషాన్. రాత్రి చెంబుతో నీళ్ళిచ్చి, పిల్ల నీళ్ళను చూసి భయపడుతుందేమోనని తలుపు చాటున నిలబడి చూసేది.

దవాఖానా మెట్లు దిగుతూ స్వర్ణ పొట్ట పట్టుకుని గోడకు ఆనింది. యశోదమ్మ ఇక ఆగలేకపోయింది.

"బిడ్డా, మోతి ఉరకలే. నేనే కోఠిల ఇడిసిపెట్టొచ్చిన."

స్వర్ణ తలెత్తి తల్లిని చూసింది. 

"కుంటిదని కూడ చూడలే. ఆటో ఎక్కుతుంటే నా చెయ్యి నాకింది బిడ్డా, నన్ను నమ్మింది. ఈ సూదులన్ని నేను పొడిపిచ్చినట్టే."

స్వర్ణ నడక మొదలుపెట్టింది. చౌరస్తా దాటారు. బస్సుల మోతలో, ఆటోల పొగలో తల్లి వెనకాలే మాట్లాడుతూ వస్తోంది.

"తిట్టరాదు? కొట్టు పోనీ. గట్ల సప్పుడు జేయకుండ ఉండకు, నాకు గుండె దడ అయితున్నది."

మిర్చి బజ్జీల బండి దాటారు, టైపు ఇన్‌స్టిట్యూట్ దాటారు. నా బిడ్డ ఇక జన్మలో నాతో మాట్లాడదు అనుకుంది యశోదమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

లైబ్రరీ గేటు దగ్గర స్వర్ణ ఆగింది. మోతి రోజూ కూర్చునే చోటును చూసింది. 

"రెండో రోజే ఈడికొచ్చి కూసుందమ్మా, మెడకు నీ చీర అంచుతోటి. అశోక్‌నగర్‌ల నాతోని చదివే సరిత గది మీది మిద్దెల దాచిన, మంచిగనే ఉన్నది. పద్నాలుగు సూదులు పడేదాక గడప తొక్కనియ్యనంటివి గద... ఇంక మూడే ఉన్నయి."