పిడికిలి కుండ

సువార్తమ్మ కుండలో చేయి పెట్టి పిడికెడు బియ్యం తీసి ఎసట్లో వేసింది. వేశాక వాకిలివైపు చూసింది. ఎవరూ లేరు. అయినా కుండ మీద మూత గబగబా పెట్టేసింది. ఆ కుండలోవి ఇంటి బియ్యం కావు మరి.

జమ్మలమడుగు సంఘంలో ఆడవాళ్లు పొయ్యి వెలిగించినప్పుడల్లా ఒక పిడికెడు బియ్యం దేవుడికని వేరే కుండలో వేస్తారు. క్రిస్మస్ ముందు ఆదివారం ఆ కుండలన్నీ చర్చిలో గుమ్మరించి, ఆ ఏడు అందరికంటే ఇబ్బందిలో ఉన్న ఇంటికి మూటగట్టి పంపుతారు. ఇబ్బంది సంగతి తెలిసినవాళ్లు ఆ ఇంటి పేరు చీటీ మీద రాసి చర్చి పెట్టెలో వేస్తారు. రాసినవాళ్ల సంతకం ఉండదు. కానీ మూట ఏ ఇంటి ముందు దిగిందో ఊరంతా చూస్తుంది.

ఆమె భర్త దేవదానం పంతులు జీతం యాభై ఎనిమిది రూపాయలు. చాపాడు ఊళ్లో అతని తమ్ముడు బండి మీదనుంచి పడి నడుము విరగ్గొట్టుకున్నప్పటి నుంచి అందులో ముప్పై అక్కడికే పోతున్నాయి. మిగిలిన ఇరవై ఎనిమిదిలో బాడుగ, పాలు, ఉప్పూ పప్పూ, ఇద్దరు పిల్లలు. వాటిమీద ఇప్పుడు పండగ. కొత్తగా ఆంధ్రప్రదేశ్ వచ్చిందని బడిలో మిఠాయి పంచారు గానీ, అంగట్లో బెల్లం ధర ఒక్క అణా తగ్గలేదు.

భర్తతో చెప్పుకుందామా అంటే, ఒకరి ముందు చేయి చాచే మనిషి కాదు దేవదానం. హెడ్మాస్టరు తనంతట తాను ఇవ్వబోయిన అడ్వాన్సే వద్దని వచ్చాడు. ఇంట్లో ఇంత కటకట అని తెలిస్తే తమ్ముడికి పంపడం మానేస్తాడు. మానేసి లోలోపల కుమిలిపోతాడు. అందుకే ఆమె నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం అతను బడి నుంచి వస్తూనే అడిగాడు.

"పండక్కి దుడ్లు సరిపోతాయా?"

"ఎందుకు సరిపోవు? సర్దుకుంటాండా గదా."

"రాగి బిందె కనపడదేంది?"

"ఖమర్‌బీ ఇంటికి చుట్టాలొచ్చినారు. అడిగితే ఇచ్చినా."

బిందె ప్రొద్దుటూరు పాత్రల అంగడి చేరి వారమైంది. దాంతో పిల్లలకు చెరో జత గుడ్డలు వచ్చాయి. బెల్లం, నూనె కొనడం ఇంకా బాకీ.

"నువ్వు తింటివా?"

"ఎప్పుడో తింటి. మీరు కూచోండి."

అతను పిల్లల పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తిని లేచాడు. బడిలో ఎవరో ఉప్మా పెట్టారట, ఆకలి లేదట. ఈమధ్య ఎవరో ఒకరు పెడుతూనే ఉన్నారు. పోనీలే, అదీ ఒక మేలేనని సువార్తమ్మ మిగిలిన అన్నం పిల్లలకు పంచింది. తాను గంజి తాగి పడుకుంది.

మరునాడు మధ్యాహ్నం పక్కింటి ఖమర్‌బీ గోడమీద నుంచి తొంగి చూసింది.

"ఏంది సువార్తా, మధ్యాన్నం నీ పొయ్యి పొగే ల్యాదు?"

"పైత్యం చేసిందక్కా. తినబుద్ది కాలా."

"నెలంతా పైత్యమేనా?"

సువార్తమ్మ నవ్వేసి లోపలికి వచ్చింది. ఖమర్‌బీ మంచిదే, కాకపోతే ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

అప్పటికి కుండలోంచి తీసిన పిడికిళ్లు పదకొండు. దేవుడి సొమ్ము తిన్నామన్న భయం ఒకటి, చర్చిలో తన కుండ వెలితిగా కనపడుతుందన్న బెంగ ఇంకొకటి. ఆ వారమంతా ఆమె వాటా బియ్యం పూటపూటకూ కుండలోకే పోయింది. రెండుసార్లు కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. ఆదివారానికి కుండ నిండింది. అందరితో పాటు తానూ గుమ్మరించి, ఎవరికీ తెలియకుండా గట్టెక్కానని ఊపిరి పీల్చుకుంది.

సోమవారం పొద్దున దేవదానం పిల్లలను వెంటబెట్టుకుని, చర్చిలో తోరణాలు కట్టడానికి పోయాడు. అతను అటు పోగానే సంఘపెద్ద జకరయ్య బండి వచ్చి వాకిట్లో ఆగింది. సువార్తమ్మ గడప దాటి వచ్చింది. పట్టుబడ్డాననుకుంది.

"మామా, తీసింది నిజమే. మళ్లా అంతా పోసినా. ఒక్క పిడికిలి తక్కువ ల్యాదు."

"ఏందేందో అంటాండావు తల్లీ! మూట యాడ దించాల్నో చెప్పు."

"ఏం మూట?"

"బియ్యం. ఈ ఏడు మీ ఇంటికే."

ఆమె బండికి అడ్డం వచ్చింది. ఎదురింటివాళ్లు అప్పుడే వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు.

"మీరు ఇల్లు తప్పినారు. మాకేం తక్కువ? నెల నెలా జీతమొచ్చే ఇల్లు మాది. తీసుకపోండి."

"పెట్టెలో మీ పేరే వచ్చె తల్లీ."

"ఎవరు రాసినారు? ఖమర్‌బీ ఎవరి చెవిలో ఊదింది?" సువార్తమ్మ రెండు చేతులూ జోడించింది. "ఆయప్ప వచ్చేలోపల తీసుకపోండి మామా, మీకు దండం పెడతా. తెలిస్తే తట్టుకోలేడు. శానా మానమున్న మనిషి."

జకరయ్య మూట అరుగుమీద దించాడు. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"నాకు అక్షరమ్ముక్క రాదు. చర్చి అయ్యగారు చదివి, ఇది నీ చేతికే ఇయ్యమన్నారు."

సువార్తమ్మ విసురుగా లాక్కుని మడత విప్పింది.

‘దేవదానం పంతులు ఇంట్లో ఇల్లాలు నెల రోజులుగా పస్తులుంటోంది. అడిగితే తిన్నానంటుంది.’

ఆ చేతిరాత దేవదానానిది.