ఒక్క వాలై చేప

"అరటిపండు లేదు కదా?"

పడవ తాడు విప్పే ముందు ఎల్డన్ ఎప్పుడూ అడిగే మాట ఇదే. అడిగి ఊరుకోడు. భార్య చేతిలోని తిండిబుట్ట లాక్కుని అడుగుదాకా వెతుకుతాడు. పడవలో అరటిపండు ఉంటే చేప పడదని ఈ జలాశయం మీద గాలం పట్టే ప్రతివాడూ నమ్ముతాడు. ఎల్డన్ మరీను. ఒకసారి బావమరిది గోర్డీ మరిచిపోయి ఒకటి తెచ్చుకుంటే, నీళ్ల మధ్య నుంచి పడవ వెనక్కి తిప్పి అతన్ని ఒడ్డున దింపేసి పోయాడు.

"లేదయ్యా మహానుభావా. హామ్ రొట్టెలు, కాఫీ. అంతే," అంది ఆర్డిస్.

అబద్ధం కాదు. కానీ పొద్దున వంటింట్లో పళ్లగిన్నె దగ్గర ఆమె చెయ్యి కాసేపు ఆగింది. ఒక్క అరటిపండు తీసి బుట్టలో దాచేస్తే చాలు. మనసొప్పలేదు. వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో ఎల్డన్ నిలబడి చూస్తున్నాడు.

నిన్న సాయంత్రం ఎరల కొట్టు ముందు అందరూ వింటుండగానే గోర్డీ మొదలుపెట్టాడు.

"బావా, ఆపరేషన్ చేయించుకోకపోతే నీ గుండె మంచు పడేదాకా కూడా ఆగదన్నాడట డాక్టరు. నువ్వేమో ఇంకా చేపల వెంటే. ఈ వేసవంతా నీ గాలానికి పడిందేమిటి, నాచు తప్ప?"

ఎల్డన్ నోట్లోని పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఉమ్మేశాడు.

"రేపు పొద్దుగూకేలోగా నా పడవలో ఒక్క వాలై చేప పడకపోతే, పడవ నీకిచ్చేస్తా. సోమవారం ఆస్పత్రిలో చేరతా. పడిందో, ఇక చచ్చేదాకా ఆ ఆపరేషన్ మాట ఎవరూ నా దగ్గర ఎత్తకూడదు."

అతని మాటంటే మాటే. ఓపిక లేదనో, ఇక నావల్ల కాదనో అతను అనగా ఆర్డిస్ ఇన్నేళ్ల కాపురంలో వినలేదు. రాత్రంతా ఆమెకి కంటిమీద కునుకు లేదు.

పడవ మనిషి నడకంత వేగంతో కదులుతోంది. అంతకు మించితే వాలై వెంటపడదు. సీసపు గుండు అడుగు ఇసుకను తాకీ తాకకుండా, దాని వెనక వానపాము గుచ్చిన ముల్లు ఈడ్చుకుంటూ రావాలి. నీళ్లడుగున ఉన్న మెట్ట పక్కనే వెళ్లడం, తిరగడం, మళ్లీ అదే దారిన రావడం. ఆర్డిస్‌కి కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది.

ఎండ నడినెత్తికొచ్చింది.

"ఈ ఎండలో ఆ కోటెందుకు? విప్పు."

"చలేస్తోంది."

చొక్కా కాలరు తడిసి మెడకి అంటుకుపోయింది. జబ్బు మనిషికి చెమటలోనూ చలి వేస్తుందేమో అనుకుంది.

గోర్డీ పడవ పక్కనుంచి పోతూ నెమ్మదించింది. "బావా! నా పడవకి ఏ రంగు వేయించమంటావ్?"

"నీ మొహం రంగు వేయించుకో. పక్షులు కూడా వాలవు!"

గోర్డీ పడీ పడీ నవ్వుతూ సాగిపోయాడు. ఎల్డన్ కూడా నవ్వబోయాడు. ఆ నవ్వు కాస్తా దగ్గయింది. దగ్గు తగ్గేదాకా ఆర్డిస్ వీపు రాస్తూ కూర్చుంది.

పొద్దు వాలింది. పడమటి గట్టు ఎర్రబడుతుండగా ఆమె చేతిలో గాలం కర్ర ఒక్కసారి వంగింది.

"ఎల్డన్! పడింది!"

ఆ క్షణంలో ఆమె ఆస్పత్రి సంగతే మరిచిపోయింది. రీలు తిప్పుతుంటే భుజాలు లాగేస్తున్నాయి. కాసేపటికి పడవ పక్కన నీళ్లలో బంగారురంగు వీపు, గాజు గోళీలాంటి కన్ను కనిపించాయి. పెద్ద చేప. ఇంత పెద్దది ఈ ఏడాది ఎవరికీ పడలేదు.

"వల పెట్టు, తొందరగా!"

ఎల్డన్ వంగి చేతివల దింపాడు. వల అంచు దారానికి తగిలింది. చేప ఒక్కసారి తల విదిలించింది. దారం వదులైపోయింది.

వల అంచు దారానికి తగలకూడదని పెళ్లైన కొత్తలో ఆమెకి నేర్పింది అతనే.

ఆర్డిస్ అతని చేతులకేసి చూసింది. వణుకుతున్నాయి. ఇంత అధ్వాన్నంగా ఉందా ఒంటి పరిస్థితి, నేను చూడనేలేదే అనుకుంది. ఖాళీ దారాన్ని రీలుకి చుట్టుకుంది.

"పోనీలే," అన్నాడు ఎల్డన్. పోయిన చేపని అతను పోనీలే అనడం ఆమె వినడం ఇదే మొదటిసారి.

ఒడ్డున గోర్డీ కాచుకుని ఉన్నాడు. అక్క మొహం చూడగానే వేళాకోళం మానేశాడు.

"బావా, పడవ నీ దగ్గరే ఉంచుకో. నేనేదో సరదాకి..."

"మాటంటే మాటే. పట్టు," అని తాళాలు విసిరాడు ఎల్డన్. "సోమవారం నన్ను ఆస్పత్రిలో దింపడానికి నువ్వే రా. మీ అక్క మరీ నత్తలా నడుపుతుంది."

పికప్ ఎక్కగానే కోటు విప్పి ఇద్దరి మధ్యా పడేశాడు. కిటికీకి తల ఆనించాడు. బండి రోడ్డెక్కకముందే గురక మొదలైంది. చాలాకాలానికి అతని మొహం తేటగా కనిపించింది.

ఓడిపోయిన మనిషి ఇంత ఒళ్లు మరిచి నిద్రపోతాడా అనుకుంటూ, రోడ్డు మలుపు దగ్గర బండి ఆపింది. జలాశయం మీంచి చలిగాలి వస్తోంది. అతనికి కప్పుదామని కోటు అందుకుంది.

లోపలి జేబులో మెత్తగా చేతికి తగిలింది, రోజంతా ఒంటివేడికి నల్లబడిపోయిన అరటిపండు.